పిడి లావు

మా బావ సుందరరావు ఇరవై ఎనిమిదేళ్లుగా ఒకటే పని చేస్తున్నాడు. కాళ్లు పోయినవాళ్లకు కాళ్లు, చేతులు పోయినవాళ్లకు చేతులు తయారు చెయ్యడం. విజయనగరంలో మా క్రైస్తవ మిషను ఆసుపత్రి వెనకాల, దుప్పట్లుతికే గదికీ జనరేటరుకీ మధ్య ఉన్న రేకుల షెడ్డే ఆయన వర్క్‌షాపు. నేను అదే ఆసుపత్రిలో రికార్డుల గుమాస్తాని, పేరు రాబర్ట్. మా అక్క బేబీని ఆయనకిచ్చాం. పెళ్లినాటికి ఆయన చురుకైన మనిషి. ఇప్పుడు యాభై మూడేళ్లకే కూర్చున్న చోట కునుకు తీస్తాడు. ఆదివారం ఆరాధనలో వాక్యం మొదలవగానే ఆయన గడ్డం గుండెకు ఆనుతుంది. పాస్టరుగారు చూసీ చూడనట్టు ఊరుకుంటారు.

ఆయన పనిని జనం తెగ పొగుడుతారు. దేవుడి చేతులండీ అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. ఆ పొగిడేవాళ్లలో ఒక్కరైనా మే నెల మధ్యాహ్నం ఆ రేకుల కింద గంటసేపు నిలబడి చూడాలి. గోళ్ల సందుల్లో ప్లాస్టరు, ముక్కులో పొడి. ఏళ్ల తరబడి ఆకురాయి తోసి తోసి ఆయన కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారింది. పొగడ్తలతో భుజం పైకి రాదు కదా.

రెండు వేల పదహారులో మా లేతు మిషను మనిషి రిటైరయ్యాడు. అతని స్థానంలో ఎవరినీ వేయలేదు. తరవాత లేతునే అమ్మేశారు. ఇనుపముక్క గుండ్రంగా తిప్పాలన్నా, బోల్టుకు మర తియ్యాలన్నా ఇక దిక్కు లేదు. "కుదరనివాళ్లని విశాఖ పంపించెయ్యండి" అన్నారు పైవాళ్లు. బావ తలూపి వచ్చేశాడు. ఆయనకు ఎదురు చెప్పే ఓపిక ఎప్పుడో పోయింది.

మరుసటి ఏడు మార్చిలో లక్ష్మణమ్మ వచ్చింది. బొబ్బిలి దాటాక ఆరు మైళ్ల దూరంలో వాళ్ల ఊరు. యాభై ఏళ్ల మనిషి, కోత కూలీ. నాలుగేళ్ల కిందట చెరుకు గానుగలో పడి కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. మోచేతి కింద తొడుక్కునే తోలు తొడుగు, దాని చివర ఇనుప కొక్కెం మా బావే చేసిచ్చాడు.

"ఏటమ్మా, కొక్కెం విరిగిపోనాదా?" అన్నాడు బావ.

"విరగలేదు బాబు. ఇది తీసేసి కొడవలి పట్టుకునే సెయ్యి పెట్టు."

"కొక్కెంతో పనులు సేసుకుంతన్నావు కదా."

"ఏటి పనులు? బిందె తగిలించుకుని కోతగాళ్లకి నీల్లు మోత్తన్నాను. నాలుగు కోతలు మోసేను. నాను కోసే మనిసిని బాబు, నీల్లు పోసే మనిసిని కాను."

నేను ఊరుకోక, ఎడంచేత్తో కోయొచ్చు కదా అన్నాను. ఆవిడ నా వైపు జాలిగా చూసింది. కోతలో పద్దెనిమిది మంది ఒకే వరసలో, అందరూ కుడిచేత్తో కోస్తూ, ఒకే పక్కకు పనలు వేస్తూ పోతారట. మధ్యలో ఒకత్తె ఎడమచేత్తో కోస్తే పక్కదాని చేతికి కొడవలి తగులుతుంది, పనలు అడ్డదిడ్డంగా పడతాయి. అలాంటిదాన్ని ఏ ముఠా రానివ్వదు. ముఠా పెద్ద దాలయ్య ఆవిడకు చివరిమాట చెప్పేశాడు. ఈ ఏడు కోతల్లో మూడు రోజులు చూస్తాడు. మూడోనాడు సాయంత్రంలోగా తన వరస తాను కోసుకుపోతే సరి. లేదంటే ఆమె చోటు వేరేవాళ్లకు ఇచ్చేస్తాడు, ఇక ఎప్పుడూ అడగడానికి లేదు.

ఒక చివర తొడుగు బోల్టుకు బిగిసి, రెండో చివర కొడవలి పిడిని పట్టుకునే ముక్క ఒకటి కావాలి. లేతు ఉంటే బావకు రెండు రోజుల పని. ఆవిడ వెళ్లిపోయాక ఆయన చాలాసేపు ఆకురాయి చేతిలో పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

ఆ నెలలోనే ఊరి బయట ఉన్న ఇంజనీరింగు కాలేజీ నుంచి సుహాసిని అనే లెక్చరరు ఆసుపత్రికి వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. వాళ్ల ల్యాబుకు త్రీడీ ప్రింటరు వచ్చిందట. ప్లాస్టిక్ తీగను కరిగించి, పొర మీద పొర పోసి, కంప్యూటర్లో గీసిన వస్తువును చేసి ఇస్తుందట. మీకేమైనా పనికొస్తుందా అని డాక్టర్లను అడిగితే వాళ్లు రేకుల షెడ్డు చూపించారు. బావ సంగతి చెప్పాడు. నేనే గీసి ఇచ్చేస్తాను సార్, అందామె.

"మీరు గీసిస్తే ఈ ఏటికి సరిపోద్దమ్మా. కొడవలి ఏడాదికి అరిగిపోద్ది, వచ్చే ఏడు కొత్త పిడి. ఏ పిడీ ఇంకో పిడిలాగ ఉండదు, వడ్రంగి చేతికి ఎంతొస్తే అంత. ప్రతి ఏడూ మీ వెనక తిరగలేను. నాకే నేర్పండి" అన్నాడు బావ.

అలా మొదలైంది ఆ ఏడు నెలల అవస్థ. డ్యూటీ దిగి, షేర్ ఆటో పట్టుకుని, దిగాక మైలు నడిచి, అయిదింటికి కాలేజీలో ఉండేవాడు. ఏడింటిదాకా కంప్యూటరు ముందు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే ముద్ద చేతిలోనే ఉండిపోయేది. "ఆ మిషన్నే పెళ్లి చేసుకోరాదూ" అని మా అక్క గొణిగేది, గొణుగుతూనే వేడినీళ్ల గుడ్డతో భుజం కాపేది.

ఆయన కష్టం కంప్యూటరుతో కాదు, దాని పద్ధతితో. ఆయన జన్మంతా ముక్కను కాస్త పెద్దదిగా చేసుకుని, మనిషికి పెట్టి చూసి, అరగదీసి, మళ్లీ పెట్టి చూసి సరిచేశాడు. ఇక్కడ ముక్క పుట్టకముందే కొలత చెప్పాలి. "చెయ్యకుండా ఎలా తెలుస్తాదిరా రాబర్టూ?" అని నన్ను నిలదీసేవాడు, ఆ పద్ధతి నేనే కనిపెట్టినట్టు. మొదటి రెండు నెలలూ ప్రతి గీతకూ ఒక అంకె విడిగా రాశాడు. ఎక్కడైనా ఒక అంకె మారిస్తే బొమ్మంతా మెలితిరిగి ఎర్రబడేది. మళ్లీ మొదటినుంచి గీసేవాడు. జూన్‌లో తల ప్రాణం తోకకొచ్చి, ఇక వెళ్లనన్నాడు. మూడు రోజులు వెళ్లలేదు కూడా.

నాలుగో రోజు సుహాసినే షెడ్డుకు వచ్చింది. "సార్, అంకెలు రాయకండి. ఏది దేన్ని బట్టి ఉంటుందో అది రాయండి. పిడి లావు ఒక్కటే మీరివ్వాలి. మిగతావన్నీ దాన్ని చూసుకుని అవే మారాలి" అంది.

బావ ఆకురాయి కింద పెట్టాడు. "అంటే పిడి మేనమామ అన్నమాట. మామ కదిలితే అల్లుళ్లందరూ కదలాలి."

ఆ సాయంత్రం నుంచి దారి దొరికింది. నా దగ్గర పనికిరాని రికార్డు కాగితాల వెనక రాసుకునేవాడు. పిడిని పట్టే రింగు లోపలి వెడల్పు అంటే పిడి లావుకు అర మిల్లీమీటరు సందు కలపాలి. గోడ మందం అంటే పిడి లావులో నాలుగో వంతు. బోల్టు ఎంత దూరంలో ఉండాలన్నది గోడను బట్టి. పిడి లావు అని రాసిన గడిలో అంకె మారిస్తే తెర మీద ముక్క మొత్తం, మర్యాదగా, అటో ఇటో జరిగేది. మొదటిసారి అది జరిగినప్పుడు ఆయన అంకెను పదిసార్లు మార్చి చూశాడట. నాకు చెప్తున్నప్పుడు కళ్లు తుడుచుకున్నాడు, అద్దాల వల్ల అన్నాడు గానీ నాకు తెలుసు.

ముక్క ప్రింటవడానికి ఏడు గంటలు. మధ్యలో కరెంటు పోతే అంతా వృథా. సెప్టెంబరంతా అలాగే పోయింది. అక్టోబరు చివర లక్ష్మణమ్మ కొత్త కొడవలి పట్టుకొచ్చింది. బావ వెర్నియరుతో పిడిని మూడు చోట్ల కొలిచాడు. ఇరవై ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. రింగు ఇరవై తొమ్మిదికి వచ్చింది. పిడి అందులోకి దూరి, చిన్న చీల పడగానే బిగిసి కూర్చుంది. ఆసుపత్రి వెనక గడ్డి కోయించి చూశాం. ఆవిడ మూడు గుప్పెళ్లు కోసి, నాలుగోది కోస్తూ ఏడ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఏడు నెలలకు ఒక రింగు అని నేను వేళాకోళమాడాను. బావ పట్టించుకోకుండా అదే కొలతతో మరో మూడు రింగులు చేయించి సంచిలో పెట్టుకున్నాడు. విరిగితే మార్చడానికి.

నవంబరు చివరి సోమవారం కోతలు మొదలు. ఇద్దరం సెలవు పెట్టి, మొదటి బస్సెక్కి వెళ్లాం. పొలం గట్టు దగ్గర దిగేసరికి ముఠా ఆడవాళ్లందరూ వరస కట్టడానికి తయారుగా ఉన్నారు. లక్ష్మణమ్మ తొడుగు వేసుకుని, రింగు బిగించుకుని, కొడవలి ఎడంచేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"దూరట్లేదు బాబు" అంది.

బావ కొడవలి తీసుకున్నాడు. పిడి నల్లగా, బరువుగా, చల్లగా ఉంది. ముట్టుకోగానే ఆయనకు అర్థమైంది, ముట్టుకోగానే నాకూ అర్థమైంది.

మా వైపు కోతలకు ముందురోజు కొడవళ్లన్నీ ముఠా పెద్ద ఇంటి గోలెంలో నీళ్లలో వేస్తారు. గోలెం అంచుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్త కొడవళ్లను తెల్లారేదాకా నాననిస్తారు. కోతలు అయ్యేదాకా ప్రతి రాత్రీ ఇంతే. కర్ర ఉబ్బి ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది, కోత మధ్యలో ఊడి ఎవరి కాలి మీదా పడదు. లక్ష్మణమ్మ అందరితో పాటు తనదీ వేసింది. నాలుగేళ్ల తర్వాత తన కొడవలి ఆ గోలెంలోకి వెళుతోందని కొత్త చీర కట్టుకుని మరీ వెళ్లి వేసిందట. ఆ సంగతి మాతో చెప్పాలని ఆవిడకు తోచలేదు. అన్నం తినేముందు చెయ్యి కడుక్కుంటానని ఎవరైనా డాక్టరుకు చెప్తారా?

ఆవిడ ఆగలేక పిడిని రింగులోకి తోసి, గట్టు మీది రాయితో ఒక దెబ్బ వేసింది. పొరల వెంట చీలి రింగు రెండు ముక్కలైంది. బావ సంచిలోంచి రెండోది తీశాడు. అదీ ఇరవై తొమ్మిదే. మూడోదీ నాలుగోదీ ఇరవై తొమ్మిదే.

"పిడి గీకేద్దాం, పడుద్ది" అన్నాను నేను.

"మద్దినేలకి ఆరిపోతాది, అప్పుడు కొడవలి జారిపోతాది. పక్కదాని కాలు తెగితే నువ్వు కుట్లేత్తావేటి?" అన్నాడు దాలయ్య. అరవై ఏళ్ల మనిషి, ముక్కుసూటి. అతని మాటలో తప్పేమీ లేదు. "ఇంకా రెండ్రోజులున్నాది. ఒసే లచ్చునమ్మా, ఇయ్యాలకి బిందె తీసుకో" అన్నాడు.

ఆవిడ తొడుగుకు కొక్కెం బిగించుకుని, బిందె తగిలించుకుని, బోరు వైపు వెళ్లిపోయింది.

బావ గట్టు మీద కూలబడ్డాడు. "మా అమ్మ కోతలకెళ్లేది కాదేట్రా? కొడవళ్లు నానెయ్యడానికి గోలెంలో నీల్లు పోసినోణ్ణి నానే. ఏడు నెల్లు కంప్యూటర్లో పిడి పిడి అని రాసేను. ఒక్కనాడన్నా గుర్తు రాలేదు" అన్నాడు. నేనేదో సర్దిచెప్పబోయాను. "నోర్ముయ్యి" అన్నాడు. ఆ మనిషి నన్ను ఆ మాట అనడం అదే మొదలు.

తర్వాత వెర్నియరు తీశాడు. ఆ రోజంతా ఆయన చేసిన పని ఇదీ. కొడవలిని గట్టు మీద ఎండలో పెట్టడం, గంటకోసారి పిడి కొలవడం, కాగితం మీద రాసుకోవడం. పొద్దున్న ఏడింటికి ముప్పై. పదింటికి దానికి కొంచెం తక్కువ. ఒంటిగంటకు ఇరవై తొమ్మిదిన్నర. సాయంత్రం నాలుగింటికి ఇరవై తొమ్మిది లోపే. ఎండకు మెడ నల్లబడింది. లక్ష్మణమ్మ నీళ్లిచ్చినప్పుడు తల ఎత్తకుండా తాగాడు. కోతలో ఆడవాళ్లు నవ్వుకున్నారు, కొడవలికి జొరం వచ్చినట్టుంది, డాక్టరు నాడి చూస్తున్నాడని. తిరుగు బస్సులో నా భుజం మీద తల వాల్చి విజయనగరం దాకా కళ్లు తెరవలేదు.

మంగళవారం పొద్దున్నే నన్నూ లాక్కుని కాలేజీకి వెళ్లాడు. కాగితం సుహాసిని ముందు పెట్టాడు.

"అంకె మార్చేద్దాం సార్, రెండు నిమిషాల పని" అందామె.

"ఏ అంకెకి మార్చనమ్మా? పొద్దున్న ఒక లావు, సాయంత్రం ఒక లావు. పొద్దున్నది రాస్తే సాయంత్రం జారిపోద్ది. సాయంత్రంది రాస్తే పొద్దున్న దూరదు. మీ గడిలో ఒక్క అంకే పడుతుంది."

ఆమె ఆ కాగితం మీది అంకెలు వరసగా చదివింది. "అయితే రెండు గడులు పెట్టండి సార్. అన్నిటికన్నా సన్నంగా ఉన్నప్పుడు ఎంత, అన్నిటికన్నా లావుగా ఉన్నప్పుడు ఎంత. రింగుకు ఒక పక్క చీలిక ఇవ్వండి. చీలిక ఎంత ఉండాలో ఆ రెంటి తేడాను బట్టి వస్తుంది."

గీస్తానని ఆమె అనలేదు. కుర్చీ జరిపి ఇచ్చింది. బావ కూర్చున్నాడు. నేను వెనకాల బెంచీ మీద కూర్చుని చూశాను. ఆ నల్లబడిన మెడ, జారిన భుజం, ఒక్కో గీతకూ ఆగి ఊపిరి పీల్చుకోవడం. నాలుగుసార్లు బొమ్మ ఎర్రబడింది. నాలుగుసార్లూ ఆయన వెనక్కి వెళ్లి సరిచేశాడు. రింగును ఒక పక్క తెరిచి, తెరిచిన చోట రెండు చెవులు పెట్టి, చెవుల్లోంచి బోల్టు పోయేలా చేశాడు. బోల్టుకు వేళ్లతో తిప్పగలిగే రెక్కల నట్టు, సైకిలు షాపులో దొరికేది. ఎడంచేత్తో ఆవిడే బిగించుకోవచ్చు, ఆవిడే వదులు చేసుకోవచ్చు. పన్నెండింటికి గీత పూర్తయింది. మిషను మొదలుపెట్టారు. ఏడు గంటలూ బావ అక్కడే కూర్చున్నాడు. కరెంటు పోతే తనకు కనబడాలట. కనబడితే ఏం చేస్తాడో నాకు తెలియదు. ఆ రోజు కరెంటు పోలేదు.

బుధవారం మళ్లీ మొదటి బస్సు. లక్ష్మణమ్మ గట్టు మీద ఒక్కత్తే నిలబడి ఉంది. మంగళవారమంతా నీళ్లు మోసిన మనిషి. బావ కొత్త రింగు తొడుగుకు బిగించాడు. నానిన పిడిని అందులో పెట్టాడు. నట్టు తిప్పమన్నాడు. ఆవిడ ఎడంచేత్తో తిప్పింది. కొడవలి నిలబడింది. గట్టిగా ఊపి చూసింది. కదల్లేదు.

"పొద్దెక్కేకొద్దీ వదులవుతాది. అప్పుడు అర చుట్టు తిప్పుకోవాల" అన్నాడు బావ.

"అలగే బాబు" అని ఆవిడ వరసలోకి దిగింది.

మొదటి గంట చూడలేకపోయాను. నాలుగేళ్లు కోయని మనిషి. ఎడంచేత్తో దుబ్బు పట్టుకునే లోపు పక్కవాళ్లు రెండు దుబ్బులు కోసేస్తున్నారు. వరస ముందుకు పోయింది, ఆవిడ మూడు బారలు వెనక పడింది. పదింటికి ఆగి నట్టు అర చుట్టు తిప్పుకుంది. పన్నెండింటికి మరో అర చుట్టు. గంజి తాగడానికి అందరూ గట్టెక్కారు, ఆవిడ ఎక్కలేదు. అందరూ తినేలోపు ఆ మూడు బారలూ కోసి వరసను కలిసింది. చేతి మొండి మీద తోలు ఒరుసుకుపోయి రక్తం కనబడుతోంది. బావ చూసి లేచాడు. ఆవిడ వద్దని తల అడ్డంగా ఊపింది. మధ్యాహ్నం మళ్లీ వెనకపడింది, మళ్లీ కలిసింది. ఆ కొడవలి ఒక్కసారి కూడా జారలేదు.

సాయంత్రమైంది. దాలయ్య తన అలవాటు ప్రకారం వరస వెనక నడుస్తూ ఒక్కొక్కరినీ దులిపేసుకుంటూ వస్తున్నాడు. ఒకత్తెకు కబుర్లెక్కువట, ఒకత్తెకు పన కట్టడం రాదట. మేమిద్దరం గట్టు మీంచి చూస్తున్నాం. అతను లక్ష్మణమ్మ వెనక్కి వచ్చి ఆగాడు. ఆవిడ కోసిన వరసంతా వంగి చూశాడు.

"ఒసే లచ్చునమ్మా! జానెడు దుబ్బులు వదిలేత్తన్నావు, కల్లు నెత్తికెక్కేయేటే? ఆ గడ్డి నీ మావ తింటాడా? వొంగి కొయ్యి! రేపు గాని ఇలగే కోసేవంటే సూసుకో, నీ తాట తీసేత్తాను!"

బావకు రోషం వచ్చింది. ఇన్నేళ్లలో ఆయనకు రోషం రావడం నేను చూడలేదు. మడిలోకి దిగి, గబగబా వరస దగ్గరికి వెళ్లాడు. "ఏటి దాలయ్యా, మొదటి రోజు. సెయ్యి సూడు, రక్తం కారతన్నాది. మనిసన్నాక ఆ మాత్రం..."

లక్ష్మణమ్మ నడుం ఎత్తింది. ముఖమంతా చెమట, గడ్డి నూగు. అడ్డంగా చెయ్యి పెట్టి బావను ఆపింది.

"ఊరుకో బాబు" అంది. "నాలుగేల్లయినాది, నన్నెవులూ తిట్టి."

అని, వంగి, దుబ్బు మొదట్లో కొడవలి పెట్టింది.